పోలిక మడత

గోడ విప్పుకుంది గాని అందులో పిల్ల లేదు.

తాయారు కాఫీ గ్లాసు గూట్లో పెట్టి, గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పింది. "వకుళ. ఐదో ఏడు. మందార కొమ్మ." గోడ మళ్ళీ మొదటినుంచి విప్పింది. నర్సరీ పాక వచ్చింది. ఎర్రమట్టి కుండీల వరస వచ్చింది. నీళ్ళ తొట్టె అంచున వాలే గోరింక కూడా ఎప్పటిలాగే వచ్చి ఎప్పటిలాగే ఎగిరిపోయింది. కుండీ ముందు గొంతుక్కూచోవలసిన ఐదేళ్ళ పిల్ల చోట మాత్రం ఏమీ లేదు. పూర్తిగా ఏమీ లేదనడానికి కూడా లేదు. నేలకి రెండడుగుల ఎత్తున, గాలిలో, ఒక్క కాటుక చుక్క ఉంది. అది కాస్త ముందుకు వంగింది. పక్కకి తిరిగింది. తర్వాత, ఎవరినో పిలుస్తున్నట్టు పైకి లేచింది. గొంతు వినబడలేదు.

కింద అక్షరాలు వచ్చాయి. "మూలము లభ్యము కాలేదు. తేడా మాత్రమే చూపబడుచున్నది." ఈ కాలంలో మనుషుల తిండీ నడకా నిద్రా అన్నీ మారిపోయాయి గాని, తప్పు చేసినప్పుడు యంత్రాలు మాట్లాడే భాష మాత్రం పాత తాలూకా కచేరీ దగ్గరే ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళుగా ప్రతి పొద్దునా పనికి వెళ్ళేముందు తాయారు ఆ ఆరు నిమిషాలూ చూస్తోంది. పిల్ల మందార కొమ్మకి రిబ్బను ముక్క చుట్టి, అమ్మ కట్టినట్టే అంటు కడుతుంది. కట్టి, తలెత్తి, "అమ్మా, నా అంటు బతికింది చూడు!" అంటుంది. కట్టి అర నిమిషం కాలేదు, అప్పుడే బతికేసింది. ఆ మాటకి తాయారు రోజూ నవ్వేది. నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, కడియం నర్సరీలో అంట్లు కట్టడానికి వెళ్ళేది. ఆమెకి పూజైనా పునస్కారమైనా అదే. ఆ పిల్ల తొమ్మిదో ఏట జ్వరం వచ్చి పోయింది.

ఆ రోజుల్లో మనిషి పుడితే పేరుకంటే ముందు బతుకుపొత్తం తెరిచేవారు. ఇంట్లో, బడిలో, వీధిలో, ఎక్కడ చూసినా గోడకళ్ళు ఉండేవి. ఎవరిని చూస్తే వాళ్ళ పొత్తంలో ఆ చూపు వచ్చి పడేది. ఫోటో తీసుకోవడమనే పని జనం మరిచిపోయి చాలా ఏళ్ళయింది. ఇక చిక్కల్లా దాచుకునే చోటు దగ్గర వచ్చింది. పొత్తాలు దాచే భాండాగారాలు చల్లబడాలంటే నది నీళ్ళు తాగాలి. వరసగా రెండు వేసవులు గోదావరి పాయలు ఎండాక ప్రభుత్వం ఇంటికింత అని నిలవ వంతు గీసింది. బీరువా చిన్నది, చీరలు ఎక్కువ. మడత మంచిదైతే అన్నీ పడతాయి, లేకపోతే కొన్ని పారెయ్యాలి. అలా ఊరూరా మడత మేస్త్రులు పుట్టుకొచ్చారు. పొత్తాలకి ఏ మడత వెయ్యాలో చెప్పేదీ, మడత చెడితే బాగుచేసేదీ వాళ్ళే.

కడియంలో ఆరువందల ఇళ్ళకి మేస్త్రి ప్రభుదాసు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు, చెప్పులు గుమ్మం బయట జతగా విడిచి లోపలికొచ్చే రకం.

"ఏంటండి తాయారమ్మగారూ, పొద్దున్నే కబురెట్టారు?"

"నా పిల్ల కనబడతల్లేదు మేస్త్రీ."

ప్రభుదాసు గోడ వైపు చూసి, సంచి దించి పనిలో పడ్డాడు. మడత చెడితే మేస్త్రులు వరసగా చేసే పనులు నాలుగైదున్నాయి. గోడని ఆపి మళ్ళీ లేపాడు. నిలవ వంతు నిండిపోయి పైవి రాలిపోయాయేమో చూశాడు. నిండలేదు. కొత్త విప్పుడు యంత్రం పాత మడతల్ని ఒక్కోసారి విప్పలేదు, అందుకని సంచిలోంచి ఐదేళ్ళనాటి విప్పుడు తీసి పెట్టాడు. దానికీ చుక్కే వచ్చింది. ఏది ఎక్కడ దాచారో చెప్పే పట్టీ చిరిగిందేమోనని అదీ చదివాడు. పట్టీ శుభ్రంగా ఉంది. చదువుతూ చదువుతూ ఒకచోట వేలు ఆపేశాడు.

"ఏంటి మేస్త్రీ?"

"మీకు పోలిక మడత గుర్తుందాండి? అమ్మాయిలకి మూడో ఏడప్పుడు వేశాం."

గుర్తులేకేం? ఈ అరుగు మీదే కూచుని ఇతనే మూడు రకాలు చెప్పాడు. నిండు మడత ఉన్నదున్నట్టు దాస్తుంది, ఏమీ పోదు, కాని వాళ్ళ వంతులో ఇద్దరు పిల్లల్లో ఒక్కరే పడతారు. పలచ మడతలో ఇద్దరూ పడతారు, కాని మడిచిన కొద్దీ మొహాలు మసకబారతాయి. మూడోది పోలిక మడత. ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే దాస్తుంది, రెండోదానికి తేడా మాత్రం రాసుకుంటుంది. "కవలలకి ఇంతకు మించింది లేదండి," అన్నాడు. "ఏం పోదుగా?" అని తాయారు రెండుసార్లు అడిగింది. "ఒక్క ఎంట్రుక పోదండి. కంపెనీవోళ్ళు కాయితం మీద రాసిచ్చారు."

ఇద్దరు బిడ్డల్లో ఒకరిని ఎంచుకోమంటే ఏ తల్లి ఎంచుకుంటుంది? మసక మొహాలు మాత్రం ఏ తల్లికి కావాలి? తాయారు పోలిక మడతకే వేలిముద్ర వేసింది.

పైగా ఆ మడతకి కావలసినవన్నీ ఆమే అమర్చిపెట్టింది. కవలల్లో ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే పెట్టనిదానికి జబ్బు చేస్తుందని వాళ్ళ వైపు నమ్మకం. అందుకని పెద్దది దవనకి ఏదో చిన్నది వకుళకీ అదే. ఒకే తానులో గుడ్డ, ఒకే రంగు రిబ్బను, ఒకే రోజు చెవులు కుట్టించడం, ఒకే కంచంలో అన్నం. ఒకదాన్ని వదిలి ఒకదాన్ని పేరంటానికి కూడా తీసుకెళ్ళేది కాదు. దూరంనుంచి పోల్చుకోవడానికి ఒక్క ఏర్పాటు చేసుకుంది. ఆరు నిమిషాలు ముందు పుట్టిన దవనకి కుడి బుగ్గ మీద దిష్టిచుక్క, వెనక పుట్టిన వకుళకి ఎడం బుగ్గ మీద.

"ముందు పుట్టినోళ్ళ పొత్తాన్ని మూలం కింద తీసుకుంటాదండి అది," అన్నాడు ప్రభుదాసు, గోడకేసి చూస్తూ. "దవనమ్మ పొత్తం మూలం. వకుళమ్మది దాని మీద నిలబడ్డ తేడా. ఇప్పుడు మూలం లేదు."

అంట్లు కట్టే మనిషికి ఆ మాట ఇంకొకరు విడమరచక్కర్లేదు. "అంటే వేరుమొక్క పీకేశారు."

"ఆయ్. అంతేనండి."

"ఎవరు పీకారు?"

ప్రభుదాసు విప్పుడు యంత్రం సంచిలో పెట్టుకుని, తాళ్ళు ముడేసి, అప్పుడు చెప్పాడు. "మూడు వారాల కిందట దవనమ్మకి పద్దెనిమిది నిండాయి కదండీ. చెరుపు హక్కు వాడుకుంది. అర్జీ పెట్టాక మూడు వారాల గడువుంటాదండి, అది రాత్రితో తీరింది."

పద్దెనిమిది నిండినవారెవరైనా తమ పొత్తాన్ని తాము చెరుపుకోవచ్చు. తనకి తెలియకుండా తీసిన చూపుల మీద మనిషికి ఆ మాత్రం హక్కు ఉండాలని ఎంతో పోరాడి తెచ్చుకున్న చట్టం అది. చెరిపినదానికి నకలు ఉంచడం నేరం. అడిగి తెచ్చుకుందామంటే ఎక్కడా ఉండదు.

తాయారు అరుగు మీద కూచుండిపోయింది. పరాయివాళ్ళు చేస్తే తిట్టుకోవచ్చు. కడుపున పుట్టిన పిల్లే తడిగుడ్డతో గొంతు కోస్తే ఎవరికి చెప్పుకోవాలి? మూడు వారాల నుంచి ఆ పిల్ల తన ఎదురుగానే అన్నం తింది, తన పక్కనే పడుకుంది, ఒక్క మాట అనలేదు. భర్తతో చెబుదామంటే అతను మొక్కల లోడుతో ఒడిశా వెళ్ళాడు. లారీ తనే నడుచుకుపోతుంది గాని, దారిలో మొక్కలకి నీళ్ళు చల్లడానికి మనిషి కావాలి.

దవన అదే నర్సరీలో లోడింగ్ దగ్గర పనిచేస్తుంది. తాయారు వెళ్ళేసరికి పచ్చ వలపందిరి కింద క్రోటన్ కవర్లు ఎత్తువారీగా పేరుస్తోంది. పక్కన నలుగురు ఆడవాళ్ళున్నారు. ఉంటే ఉన్నారు, తాయారు వాళ్ళని చూడలేదు.

"ఏం చేశావే?"

"ఏం చేశానమ్మా?"

"పోయినదాన్ని మళ్ళీ చంపావు. గోడ మీద నీ చెల్లి లేదు. మొహం లేదు, గొంతు లేదు."

దవన చేతిలో కవరు కింద పెట్టింది. "నాది నేను చెరుపుకున్నాను. చెల్లి పొత్తం నేను ముట్టుకోలేదు. ముట్టుకునే హక్కు కూడా నాకు లేదు."

"నీది పోతే దానిదీ పోద్దని తెలీదా?"

"తెలీదు." ఆ పిల్ల మొహంలో రంగు పోయింది. "పోయిందా? మొత్తం పోయిందా?"

"నాటకాలాడకు. నీ కడుపుమంట చల్లారిందా? అది పోయినకాణ్ణించీ దానిమీద నీకు ఏడుపే. నేను గోడ విప్పితే చాలు, లేచి పెరట్లోకి పోయేదానివి."

"ఆ ఆరు నిమిషాల్లో ఉన్నది చెల్లి కాదమ్మా. నేను. నువ్వు రోజూ పొద్దున్నే నన్ను చూసి ఏడుస్తుంటే, నేను పక్కన నిలబడి చూడలేక చెరిపేశాను. నేను పోతే చెల్లివి మిగులుతాయనుకున్నాను."

తాయారుకి ఒళ్ళు మండిపోయింది. ఈ మాట కొత్తది కాదు. పదకొండేళ్ళప్పుడు ఒకసారి అంది. అప్పుడు చెంప పగలగొట్టి, చచ్చిపోయిన చెల్లి దగ్గర ఆ ఒక్కటీ కూడా లాక్కుంటావా అని తిట్టింది. మళ్ళీ ఆ మాట ఇంట్లో వినబడలేదు.

"ఎడం బుగ్గ మీద చుక్క ఉంది. ఎడం చుక్క వకుళది. ఆ చుక్క పెట్టిన చెయ్యి నాది. నాకు తెలీదంటే?"

"చుక్క చూశావు. మొహం చూశావా?"

అని, దవన పందిరి కిందినుంచి బయటికి నడిచి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు తలలు దించుకుని క్రోటన్లు పేర్చారు. తాయారు వెనక్కి తిరిగి నేరుగా మేస్త్రి ఇంటికి వెళ్ళింది. రుజువు తెచ్చి ఆ పిల్ల నోరు మూయించాలన్నదే ఆమె మనసులో ఉంది. నడుస్తున్నంతసేపూ ఆ చుక్కనే తలచుకుంది. ఆ చుక్క ఉండగా తను పొరబడడం అసంభవం.

"మేస్త్రీ, ఏ రోజుది ఎలా మడిచిందో ఎక్కడో రాసి ఉంటాదిగా. అది తియ్యి. ఆ ఆరు నిమిషాలు వకుళవని దానికి చూపించాలి."

ప్రభుదాసు మడతల దినచర్య తీశాడు. బల్ల మీద వరసలు లేచాయి. తాయారుకి చదువు వచ్చు, అయినా అతను ఒక్కో మాటా వేలితో చూపిస్తూ చదివాడు. ఆ రోజు పాకలో పిల్లలిద్దరూ ఉన్నారు. ఇద్దరూ మందార కొమ్మలకి అంటు కట్టారు. పోలిక నూటికి తొంభై ఏడు. దాచిన మూలం: దవన. రాసుకున్న తేడా: చెంప మీది నల్లమచ్చ చోటు.

"నల్లమచ్చా?"

"మీరెట్టిన దిష్టిచుక్కండి. దాన్ని పుట్టుమచ్చ అనుకుంది. బడి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాస్తారు చూడండి, అలాగ ఒంటి గుర్తులు తీసెయ్యకూడదని రూలు. అందుకని మొహం దవనమ్మదే ఉంచి, చుక్క మాత్రం అటునుంచి ఇటు మార్చి పెట్టింది."

"మరి తేడా అంతా దాస్తాదన్నావు. ఒక్క ఎంట్రుక పోదన్నావు."

"మొదట్లో దాచిందండి." ప్రభుదాసు గొంతు తగ్గింది. "ఐదో ఏట ఆ మడతకి కొత్త కూర్పు వచ్చింది. నూటికి మూడు పాళ్ళకి మించని తేడా తేడా కాదని అందులో రాశారు. నలభై పేజీల ఒప్పుకోలు. ఎవరు చదువుతారండీ? ఆరువందల ఇళ్ళకీ నేనే ఒప్పుకున్నాను."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. తాయారు నమ్మి ఇచ్చింది శనగలు కాదు, పిల్లని. అబద్ధం ఆడకుండానే మోసం చెయ్యడం ఆ కంపెనీకి ఎంత బాగా తెలుసో చూడండి. వెంట్రుక పోదన్న మాట అప్పటికి నిజమే. వెంట్రుక అంటే ఏమిటో తర్వాత మార్చుకున్నారు, అంతే.

"మరి ఆరోజు వకుళ ఏం చేసింది?"

"తొంభై ఏడు పాళ్ళు అక్క చేసినట్టే చేసింది. ఆ మిగతా మూడు పాళ్ళూ ఏంటో ఇంక ఎవరికీ తెలీదండి."

కళ్ళు మూసుకుని ఆకు నలిపితే, వాసన చూసి అది బంగినపల్లో సువర్ణరేఖో చెప్పే మనిషి తాయారు. చీటీ ఊడిపోయిన మొక్కలన్నీ ఆమె దగ్గరకే వస్తాయి. ఇంటి గోడ మీద మాత్రం చీటీ చూసుకుని తృప్తిపడింది. ఆ తప్పు కంపెనీ మీదికి నెట్టడం కుదరదు.

దినచర్యలో చివర ఇంకో వరస ఉంది. ప్రభుదాసు దాన్ని అరచేత్తో కప్పబోయాడు. తాయారు ఆ చెయ్యి తీసేసింది.

ఫిర్యాదు చేసినవారు దవన, వయసు పదకొండు. "చెల్లి బొమ్మలో ఉన్నది నేను." పరిశీలన: పోయినవారి మీద బెంగ. మడతలో లోపం లేదు. ముగించడమైనది. కింద ప్రభుదాసు సంతకం.

"ఒక్కతే వచ్చిందండి, బడి సంచీతో," అన్నాడు అతను. "నేను విప్పి చూడలేదు. చిన్నపిల్ల కదా, చెల్లి పోయిన దిగులనుకున్నాను. చాకలేటిచ్చి పంపేశాను."

తాయారు అతన్ని తిట్టడానికి నోరు తెరిచింది. ఇతను చాకలేటిచ్చి పంపాడు, తను చెంప పగలగొట్టింది. నోరు మూసుకుంది.

అప్పుడు ఆమెకి చూపురోజు గుర్తొచ్చింది. బతుకుపొత్తాలు వచ్చాక, పోయినవాళ్ళ తిథినాడు బంధువుల్ని పిలిచి, గోడ విప్పి, వాళ్ళని చూసుకోవడం ఆచారమైంది. గోడకి మేకు కొట్టి బొమ్మ మీద దండ వేస్తారు. ఇష్టమైనవి వండి ముందు పెడతారు. వకుళ చూపురోజుకి దండ వెయ్యాల్సింది తోడబుట్టినది కనుక తాయారు ప్రతి ఏడూ ఆ పని దవన చేతే చేయించింది. బతికున్న మనిషి బొమ్మకి పొరపాటున దండ తగిలినా చెంపలు వేసుకునే వంశం వాళ్ళది. అలాంటిది, బతికున్న పిల్లకి ఆ పిల్ల చేతే తొమ్మిదేళ్ళు దండ వేయించింది. పరమాన్నం వండి ఆ పిల్ల చేతే దాని ముందు పెట్టించింది. అది తలవంచుకుని దండ సవరిస్తుంటే, వెనకనుంచి బంధువులు "అచ్చం దవనలాగే ఉండేది" అని ఏడ్చేవారు.

ప్రభుదాసు మంచినీళ్ళు తెచ్చాడు. ఏదైనా మంచి మాట చెప్పాలని తాపత్రయపడ్డాడు.

"పూర్తిగా వకుళమ్మవే ఉన్నవి కొన్ని మిగిలాయండి. తొమ్మిది రోజులవి. ఆస్పత్రివి. అప్పుడు దవనమ్మ పక్కన లేదు కదా, పోల్చడానికి ఏం దొరకలేదు దానికి. ఉన్నదున్నట్టు దాచేసింది. మొహం, గొంతు, అన్నీ. విప్పమంటారా?"

"వద్దు," అంది తాయారు. మరీ తొందరగా అంది. "మూసెయ్యి."

మధ్యాహ్నం మూడింటికి ఇంటికి వచ్చేసరికి దవన గదిలో బట్టలు సర్దుకుంటోంది. రాజమండ్రిలో స్నేహితురాలి గదికి పోతానంది. తాయారు గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అది నువ్వేనే," అంది.

"తెలుసు."

"మడతే చుక్క మార్చి పెట్టిందంట. మేస్త్రి చూపించాడు."

"మేస్త్రి చూపిస్తే నమ్మావన్నమాట." దవన లంగా మడిచి సంచిలో పెట్టింది. "ఆరోజు చెల్లి రిబ్బను తొట్టిలో పడిపోయింది. అరటినార తడిపి దాంతో కట్టింది. నాకు రిబ్బనుంది కాబట్టి నాదే బతుకుతుందని నేను దాన్ని ఏడిపించాను. నాది మూడోరోజుకి వాడిపోయింది. దానిది చిగురేసింది. గోడ మీద పిల్ల చేతిలో రిబ్బను చూడగానే నాకు తెలిసిపోయింది."

ఎవరికీ తెలియవనుకున్న ఆ మూడు పాళ్ళు ఇన్నాళ్ళూ ఈ పిల్ల దగ్గరే ఉన్నాయి. తొమ్మిదేళ్ళలో ఇంట్లో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

"చెల్లివి ఇంకేం మిగల్లేదా?" అని దవన అడిగింది. ఆ అడగడంలో కోపం లేదు, భయం ఉంది. "నేను చెరిపింది నన్నే అనుకున్నానమ్మా. ఒట్టు."

లేదు అనేస్తే అక్కడితో పోయేది. వకుళ పొత్తం మీద హక్కు తాయారుదే. ఇవాళే చెరిపించేస్తే అడిగేవాళ్ళు లేరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెరిపిస్తే మాత్రం వకుళ అనే పిల్ల ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు.

"తొమ్మిది రోజులున్నాయి. ఆస్పత్రివి."

దవన చేతులు ఆగిపోయాయి. "స్పృహ లేకుండా పడుకునుందన్నావు. తొమ్మిది రోజులూ కళ్ళు తెరవలేదన్నావు."

"అన్నాను."

"నన్ను అడగలేదన్నావు."

తాయారు గుమ్మంలోనే కూలబడింది. "అంటుజొరం అన్నాడే డాక్టరు. నువ్వొస్తే నీకూ అంటుకుంటాదన్నాడు. ఒక్కదాన్నైనా దక్కించుకుందామని నిన్ను పిన్ని ఇంట్లో పెట్టేశాను. అది పోయాక నీకెలా చెప్పను? అడిగిందని చెప్తే నువ్వు బతికేదానివా?"

"పిన్ని ఇంటి గుమ్మంలో కూచున్నానమ్మా తొమ్మిది రోజులూ. చెల్లి నన్ను తలుచుకోలేదని, దానికి నామీద కోపమేమోనని, రిబ్బనుకి ఏడిపించాననేమోనని..." ఆ పిల్ల ఆగింది. సంచి పక్కకి తోసేసింది. "విప్పు."

"దవనా, వద్దే. చూడలేవు."

"నువ్వు నీ వేలిముద్ర పెట్టు. నేను చూస్తాను. నువ్వు బయటుండు."

తాయారు లేచి వెళ్ళి వకుళ పేరు మీద వేలు పెట్టింది. దవన ఆమె బయటికి వచ్చేదాకా ఆగి, తలుపు వేసుకుంది.

లోపల గోడ విప్పుకుంది. మొదట ఏదో యంత్రం కీచుమన్న చప్పుడు, ఎవరివో చెప్పుల చప్పుడు. తర్వాత ఎండిపోయిన చిన్న గొంతు. రోజూ పొద్దున్నే తాయారు విన్న గొంతుకంటే కాస్త బొంగురుగా ఉంది. మాటకి మాటకి మధ్య కొంచెం ఆగుతోంది. అవును, వకుళ అలాగే ఆగి ఆగి మాట్లాడేది. తాయారు అది మరిచిపోయింది.

"అమ్మా, దవనేది?"

"బడికెళ్ళిందమ్మా. వచ్చేత్తాది." అది తన గొంతే, తొమ్మిదేళ్ళ కిందటిది.

తర్వాత మళ్ళీ, "దవనేదమ్మా?"

"చెప్పానుగా, బడికెళ్ళింది. పడుకో."

"ఆదివారం కూడానా?"

దానికి తను ఏం జవాబు చెప్పిందో తాయారుకి గుర్తులేదు. గోడలోనూ జవాబు రాలేదు. మూడోసారి ఆ చిన్న గొంతు అదే అడిగింది. ఈసారి లోపల గదిలోంచి పద్దెనిమిదేళ్ళ గొంతు పలికింది.

"ఇక్కడే ఉన్నానే. ఇదిగో, ఇక్కడే ఉన్నాను."

తాయారు లేచి తలుపు తోసింది. లోపల గడియ వేసి ఉంది.